నర్సు ఉద్యోగంలో నడుం నొప్పి తప్పదా? పని మీద కూడా దాని ప్రభావం ఉంటుందా?

తప్పదని సీనియర్లు చెబుతారు, నమ్మకండి. ఆర్థో వార్డులోనూ ఐసీయూలోనూ చేసినదాన్ని. నేను చూసినంతలో నడుములు పోయేది ఎక్కువగా రోగిని మంచం మీద తలవైపుకు జరిపేటప్పుడే. వంగుతాం, పక్కకు తిరుగుతాం, చేతులు చాచి లాగుతాం. ఈ మూడూ ఒకేసారి జరిగితే నడుం కింది డిస్కుల (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తల) మీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది.

పెట్టె అయితే ఒంటికి దగ్గరగా పట్టుకుని ఎత్తొచ్చు. రోగి భయపడి మన మెడ పట్టుకుంటాడు, ఓ పక్కకు ఒరిగిపోతాడు. ఐవీ లైన్ ఎక్కడ ఊడుతుందోనని మనం ఇంకా వంకరగా నిలబడతాం. ఉద్యోగుల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నయాష్ (NIOSH) లెక్కలో అన్నీ అనుకూలంగా ఉంటే వస్తువు బరువుకు పరిమితి 23 కిలోలు. రోగిని చేతులతో ఎత్తడానికి ఆ సంస్థ పరిశోధకుడు 2007లో సూచించిన హద్దు మాత్రం సుమారు 16 కిలోలే. 70 కిలోల మనిషికి కాలు ఒక్కటే 11 కిలోల దాకా ఉంటుంది. దానికి పిండికట్టు కూడా ఉంటే ఎంతవుతుందో మీరే చూసుకోండి!

ఇక పని సంగతి. నొప్పి ఉన్నంత మాత్రాన ఎవరూ సెలవు పెట్టరు, డ్యూటీకి వస్తారు. కానీ రెండు గంటలకోసారి తిప్పాల్సిన రోగిని ‘కాసేపాగి తిప్పుదాంలే’ అనిపిస్తుంది. బెడ్‌సోర్లు (ఒకే వైపు పడుకుని ఉండటం వల్ల వచ్చే పుండ్లు) మొదలయ్యేది అలాంటి ఆలస్యాలతోనే. షిఫ్టు చివర్లో ఇంజెక్షన్ డోసు లెక్కేస్తున్నప్పుడు కూడా ధ్యాస సగం నడుం మీదే ఉంటుంది.

‘మోకాళ్లు వంచి ఎత్తండి’ అని నేర్పే క్లాసులు ఒక్కటే గాయాలను తగ్గించలేవని పరిశోధనల్లోనూ తేలింది. మాకు పనికొచ్చినవి రెండు. ఒకటి, ఏ పని మొదలుపెట్టినా ముందు మంచాన్ని నడుం ఎత్తుకు లేపడం. రెండోది స్లైడ్ షీట్, అంటే రోగి కింద పరిచి సులువుగా జరపడానికి వాడే నున్నటి గుడ్డ. అది స్టోర్‌రూంలో ఉన్నంతకాలం ఎవరూ తీయలేదు, మంచాల పక్కన కొక్కేలకు తగిలించాక వాడకం మొదలైంది. రోగిని ఎత్తే లిఫ్ట్ మెషీన్‌దీ అదే కథ, ఛార్జింగ్ లేకపోతే ఉన్నా లేనట్టే.

నొప్పి పిర్ర నుంచి కాల్లోకి పాకుతున్నా, పాదంలో పట్టు తగ్గినా డాక్టరుకు చూపించుకోండి. మూత్రం మీద అదుపు తప్పితే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. నడుం పట్టేసిన ప్రతిసారీ రిజిస్టర్లో రాయించండి. అది రాతలో లేకపోతే, రేపు లిఫ్ట్ కావాలని అడిగినప్పుడు ‘ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదుగా’ అంటారు.