దొరకలేదు వేరు, లేదు వేరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రాత్రి ఒకసారి చదివాను, పొద్దున్నే ఇంకోసారి చదివాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసిన పిల్ల తెలుగులో సైన్స్ రాస్తానని కూర్చుంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. పైగా ఎంచుకున్నది కల్తీ కల్లు కేసుల్ని పరీక్షించే ల్యాబుల సంగతి. మన తెలంగాణలో ఎన్నో ఇళ్లకు తెలిసిన బాధ అది. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎందరో వణుకుతో, మూర్ఛలతో ఆసుపత్రులకు చేరారు. మామూలు కల్లు మానేస్తే అంతమందికి అలా కాదు. అందులో ఏళ్ల తరబడి ఏం కలిపారో ఆ వారం రోజుల్లో బయటపడింది.

అంతా బాగుంది కానీ రెండో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "విసెరా రిపోర్టులో మత్తుమందు లేదని తేలింది" అని రాశావు. విసెరా అంటే పోస్ట్‌మార్టంలో తీసి ల్యాబుకు పంపే లోపలి అవయవాలే కదా. ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే.

పదిహేనేళ్ల కిందట నేనూ మా పేపర్లో సరిగ్గా ఇదే వాక్యం రాశాను. రోజూ కల్లు తాగే అలవాటున్న ఒక కూలీ కల్లు డిపో దగ్గర స్పృహ తప్పి పడిపోయాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండి చనిపోయాడు. నెలల తర్వాత రిపోర్టు వచ్చింది. కల్తీ కల్లులో కలిపే మత్తుమందులు అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ ఏవీ "కనుగొనబడలేదు" అని అందులో ఉంది. నేను దాన్ని "లేదని తేలింది" అని రాసేశాను. ఇంకో అడుగు ముందుకేసి, ఆ కల్లులో కల్తీ లేదన్న అర్థం వచ్చేలా హెడ్డింగ్ కూడా పెట్టాను. వారం తిరక్కుండా ఆయన భార్య పేపర్ కటింగ్ పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. "సారూ, ఆయన తాగిన కల్లు మంచిదే అని రాసిన్రు. ఆ కల్లును ఎవరన్న పరీక్ష చేసిన్రా?" అని అడిగింది.

ఎవరూ చేయలేదు. పరీక్ష చేసింది ఆయన శరీర భాగాలను. డిపోలో సీసాలు సీజ్ చేసింది మూడో రోజున. ఆ రోజు దొరికిన కల్లు ఆయన తాగిన కల్లు కాదు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది.

ఆ తర్వాత నేను కూర్చుని నేర్చుకున్నదే ఇప్పుడు నీకు చెబుతున్నాను. నీకు కెమిస్ట్రీ నాకంటే బాగా వచ్చు. అయినా ఈ లెక్క ఒకసారి నీ చేత్తో వేసి చూడు. అల్ప్రాజోలం మోతాదు రక్తంలో సగానికి పడిపోవడానికి సుమారు 11 గంటలు పడుతుంది. నాలుగు రోజులంటే 96 గంటలు. అంటే దాదాపు తొమ్మిది సార్లు సగం, సగం, సగం అవుతూ వచ్చింది. ఆ మనిషి పడిపోయిన నాడు ఒంట్లో ఎంత ఉందో, చనిపోయిన నాటికి అందులో నాలుగొందల వంతు మిగిలి ఉంటుంది. అసలే ఈ మందు బిళ్లలు పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము సైజులో దొరికేవి. అందులో నాలుగొందల వంతును, చనిపోయిన మనిషి కాలేయంలో, ఉప్పు నీళ్లలో నెలల తరబడి నిలవ ఉన్న ముక్కలో వెతకాలి. అప్పుడు "దొరకలేదు" అంటే "ఎన్నడూ లేదు" అని ఎలా అనగలం?

మరి దొరికే చోటు ఏది? ఆసుపత్రిలో చేర్చిన మొదటి గంటలో తీసిన రక్తం. సుగర్ కోసం, క్రియాటినిన్ కోసం అందరికీ తీస్తారు. ఆ ట్యూబులో మిగిలిన రెండు చుక్కలే ఇలాంటి కేసులో అన్నిటికంటే విలువైన సాక్ష్యం. కేసు అవుతుందని ఎవరికీ తోచక మామూలుగా పారేస్తారు. నీ వ్యాసంలో అడ్మిషన్ బ్లడ్ ప్రస్తావనే లేదు. ఇంకొకటి కూడా ఉంది. మూర్ఛలు వచ్చిన రోగికి డాక్టర్లు లొరాజెపామ్ లాంటి ఇంజెక్షన్ ఇస్తారు. అదీ అల్ప్రాజోలం కుటుంబానిదే. త్వరగా చేసే కార్డు టెస్టు ఆ కుటుంబంలో ఎవరో ఒకరు ఉన్నారని మాత్రమే చెబుతుంది, ఎవరో చెప్పలేదు. అప్పుడు "దొరికింది" అన్నా అది కల్లులోదో, ఆసుపత్రిదో కేస్ షీట్ చూస్తే తప్ప తెలియదు. కాబట్టి రిపోర్టు చదివే ముందు కేస్ షీట్ చదువు.

ఏ మందో పేరు పెట్టి చెప్పాలంటే అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ కావాలి. దీని గురించి నువ్వు మూడు లైన్లు రాసి వదిలేశావు. నాకైతే ఒక పేజీ కావాలనిపించింది, ఎందుకంటే ఇందులో నిజంగా అందం ఉంది. అల్ప్రాజోలం అణువు ఆ మెషిన్లో 309 దగ్గర కనిపిస్తుంది. దాన్ని విరగ్గొడితే 281 బరువున్న ముక్క వస్తుంది. 309 కనిపించి, అది విరిగి 281 వచ్చి, కాలమ్‌ అనే, పదార్థాలను విడదీసే గొట్టంలోంచి బయటికి వచ్చిన టైమ్ కూడా సరిపోతేనే పేరు రాస్తారు. అంతకంటే ముందు చేసే పని ఒకటుంది, పాఠకుడికి అది తప్పక చెప్పు. శాంపిల్ చేతికి రాగానే అందులో అల్ప్రాజోలానికి కవల లాంటి పదార్థాన్ని కొలిచి కలుపుతారు. ఐదు హైడ్రోజన్ల స్థానంలో ఐదు డ్యుటీరియాలు, అంటే బరువెక్కువున్న హైడ్రోజన్లు, పెట్టి తయారుచేసింది అది. అన్ని గుణాలూ అవే, బరువు మాత్రం ఐదు ఎక్కువ, అందుకే 314 దగ్గర కనిపిస్తుంది. వడకట్టడంలో, సాల్వెంట్‌లోకి లాగడంలో, ఆరబెట్టడంలో అసలు మందు కొంత పోతుంది. ఎంత పోయిందో మనకు తెలియదు. కానీ కవల ఎంత పోయిందో తెలుస్తుంది, దాన్ని బట్టి దీని లెక్క కడతారు. కవల కూడా కనిపించకపోతే మందు లేనట్టు కాదు, పరీక్షే చెడిపోయినట్టు. ఈ సంగతి మొదటిసారి విన్న రోజు నేను ఇంటికొచ్చి మా ఇంట్లో అందరికీ చెప్పాను.

క్లోరల్ హైడ్రేట్ విషయంలో నువ్వు రాసిన రంగు పరీక్ష సరైనదే. పిరిడీన్, క్షారం కలిపి వేడి నీళ్లలో పెడితే గులాబీ ఎరుపు వస్తుంది. కానీ క్లోరోఫాం ఉన్నా అదే రంగు వస్తుందని రాయలేదు. అదే బల్ల మీద వేరే పనికి క్లోరోఫాం సీసా తెరిచి ఉంటే? అందుకే ఏమీ కలపని ఉత్త నీళ్లను కూడా పక్కనే అదే పద్ధతిలో పరీక్షిస్తారు. దాన్ని బ్లాంక్ అంటారు. ఆ ఉత్త ట్యూబు రంగు లేకుండా మిగిలితేనే పక్క ట్యూబులో ఎరుపుకు విలువ.

ఇది కొత్త జాగ్రత్త కాదు. 1832లో ఇంగ్లండులో ఒక విషప్రయోగం కేసులో జేమ్స్ మార్ష్ అనే కెమిస్ట్ ఆర్సెనిక్‌ను పసుపు రంగు మడ్డిగా పట్టుకున్నాడు. జ్యూరీ ముందుకు తెచ్చేసరికి అది చెడిపోయింది. నిందితుడిని వదిలేశారు. ఆ బాధతో పనిచేసి, 1836లో గాజు మీద నల్లటి అద్దంలా నిలిచిపోయే పరీక్షను ప్రకటించాడు. నాలుగేళ్లకు, 1840లో, ఫ్రాన్స్‌లోని త్యూల్ ఊళ్లో మరీ లఫార్జ్ అనే ఆమె తన భర్తకు విషం పెట్టిందన్న కేసు విచారణకు వచ్చింది. ఆ ప్రాంతపు కెమిస్టులు కొత్త పరీక్ష చేస్తే ఆయనకు ఇచ్చిన ఆహార పానీయాల్లో ఆర్సెనిక్ దొరికింది, శరీరంలో దొరకలేదు. సమాధి తవ్వి మళ్లీ చేశారు, అప్పుడూ దొరకలేదు. కోర్టులో ఆమె పక్షం వాళ్లు గెలిచామనుకున్నారు. అప్పుడు పారిస్ నుంచి విషాల శాస్త్రంలో నిపుణుడైన మాత్యూ ఒర్ఫీలాను పిలిపించారు. అదే పద్ధతి. శరీరంలో ఆర్సెనిక్ దొరికింది. అది తాము వాడిన రసాయనాల్లోంచి రాలేదని, శవపేటిక చుట్టూ ఉన్న మట్టిలోంచి రాలేదని కూడా ఆయన చెప్పాడు. ఆ మాట చెప్పడానికి మట్టిని కూడా పరీక్షించాడు. ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. ఆ తీర్పు సరైనదేనా అని ఫ్రాన్స్‌లో చాలాకాలం వాదించుకున్నారు. ఆ వాదనలోకి నేను వెళ్లను. నాకు కావలసింది ఇంతే: అదే శరీరం, అదే పరీక్ష, ఒక చేతికి దొరకలేదు, ఇంకో చేతికి దొరికింది. మొదటి రిపోర్టు వచ్చిన రోజున మనం పేపర్లో "లేదని తేలింది" అని రాసేవాళ్లమే కదా.

ఎదురు తప్పు కూడా ఉంది, అది ఇంకా ప్రమాదం. మనం గసగసాలు కూరల్లో వేసుకుంటాం. వాటికి అంటిన కొద్దిపాటి మార్ఫిన్ మూత్రంలో కనిపించవచ్చు. అందుకే అమెరికాలో ఉద్యోగుల డ్రగ్ టెస్టుల్లో ఓపియేట్ల (మార్ఫిన్ లాంటి నల్లమందు జాతి పదార్థాల) హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచారు. మార్ఫిన్ దొరికితే హెరాయిన్ వాడినట్టు కాదు. హెరాయిన్‌కు మాత్రమే పుట్టే సిక్స్-మామ్ అనే పదార్థం దొరికితే అప్పుడు మాట వేరు, అదీ ఒక రోజు లోపే కనుమరుగవుతుంది. "పాజిటివ్" అన్న మాట చూడగానే ఎవరి బిడ్డనో డ్రగ్ అడిక్ట్ అని రాయకు. రాసిన వాక్యాన్ని వెనక్కి తెచ్చుకోలేం, తల్లీ.

మన నేర విచారణ చట్టంలో ప్రభుత్వ ల్యాబ్ నిపుణుడి రిపోర్టును, ఆయన కోర్టు బోనెక్కకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత సీఆర్‌పీసీలో అది 293వ సెక్షన్, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 329. అంటే చాలా కేసుల్లో ఆ కాగితం మీది మాటలే మాట్లాడతాయి. కెమిస్ట్ ఎన్నో ఏళ్ల అలవాటుతో "కనుగొనబడలేదు" అని ఆచితూచి రాసినదాన్ని మనం తేలిక భాషలోకి తెస్తున్నామనుకుని "లేదు" అని మార్చేస్తాం. తేలిక భాషే కావాలంటే "దొరకలేదు" అను. మన పల్లెలో ఎవరికైనా అర్థమవుతుంది. తాళం చెవి దొరకలేదంటే తాళం చెవి లేదని ఎవరూ అనుకోరు.

ఇక చేయవలసిన పని. వచ్చే వారం ల్యాబుకు వెళ్తానన్నావు కదా. మెషిన్ల కంటే ముందు శాంపిళ్లు తీసుకునే కౌంటర్ దగ్గర గంటసేపు కూర్చో. కానిస్టేబుల్ తెచ్చిన సీసా మీది లక్క ముద్రను, లెటర్‌తో పాటు వచ్చిన నమూనా ముద్రతో ఎలా పోల్చి చూస్తారో గమనించు. ముద్ర పగిలి ఉంటే ఏం చేస్తారో అడుగు. విసెరా ఏ తేదీన తీశారు, ఏ తేదీన ల్యాబుకు చేరింది, ఏ తేదీన తెరిచారు, ఈ మూడు తేదీలూ నీ వ్యాసంలో ఉండాలి. కల్లు సీసా ఎప్పుడు, ఎక్కడ సీజ్ చేశారో పంచనామాలో చూడు. ఏయే మందుల కోసం వెతికారో కూడా అడుగు. వెతకని మందు ఏ రిపోర్టులోనూ కనిపించదు.

ఆ రోజు ఆమె వెళ్లిపోయాక సవరణ వేయమని మా డెస్క్‌ను అడిగాను. నాలుగు రోజులకు లోపలి పేజీలో ఐదు లైన్లు వచ్చాయి. ఆ కటింగ్ తీసుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె చదువుకోలేదు, పెద్ద కూతురు చదివి వినిపించింది. ఆమె రెండు కటింగులనూ కలిపి మడిచి, రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది.

రెండో పేజీ మార్చి మళ్లీ పంపు. మాస్ స్పెక్ట్రోమీటర్ పేజీని తొందరపడకుండా రాయి, ఎంత పొడుగైనా నేను చదువుతాను.

ఇట్లు,
నీ క్షేమం కోరే పెదనాన్న