అప్పు తెచ్చి మామూళ్లా?

ప్రశ్న: విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేస్తున్నాను. జీతం చేతికి 42,000 వస్తుంది. అద్దె, పిల్లల ఫీజులతో కలిపి ఇంటికి 30,000, చిట్టీకి 5,000 పోతాయి. బ్యాంకులో 11,000 ఉంది. ఎవరైనా ఆశగా నిలబడితే లేదనలేను. హోటల్లో, గ్యాస్ కుర్రాడికి, పార్సిల్ తెచ్చేవాళ్లకు అన్నీ కలిపి నెలకు 2,500 దాకా టిప్పులే అవుతున్నాయి. దసరా నుంచి సిరిమానోత్సవం దాకా పనిమనిషికీ, చెత్త బండి వాళ్లకూ ఇచ్చే మామూళ్లకు డబ్బు చాలక క్రెడిట్ కార్డు మీద ఏటీఎంలో 10,000 తీశాను. అప్పటినుంచి కనీస మొత్తం కడుతున్నాను. ఇప్పుడు సంక్రాంతి వస్తోంది. లోన్ యాప్‌లో 25,000 తీసుకుని, చిట్టీ పాడి అన్నీ తీర్చేద్దామనుకుంటున్నాను. అసలు ఎవరికి ఎంత టిప్పు ఇవ్వాలి?

జవాబు: మీరు టిప్పుల గురించి అడిగారు. నా కన్ను మాత్రం ఆ 11,000 దగ్గరే ఆగిపోయింది. నెలకు 30,000 అయ్యే ఇంటికి అది పదకొండు రోజుల ఖర్చు. రేపు మీ కాలేజీలో జీతాలు రెండు నెలలు ఆగితే? ప్రైవేటు కాలేజీల సంగతి మీకు నేను చెప్పాలా? పన్నెండో రోజున మీరూ ఎవరి ముందో చెయ్యి చాచాలి. పండగ దాటాక నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాంటివే. ఒకరు బట్టలకు, ఒకరు చుట్టాల భోజనాలకు, మీరు మామూళ్లకు. అప్పు మాత్రం అందరిదీ ఒకటే.

ఆ 10,000 లెక్క చూద్దాం. కార్డు మీద నగదు తీస్తే వడ్డీ లేని రోజులంటూ ఉండవు, తీసిన రోజునుంచే మొదలు. చాలా కార్డుల్లో తీసినందుకు రుసుము కనీసం 500, దానిమీద జీఎస్టీ. వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుంటే మూడు నెలలకు రుసుముతో కలిపి అటూ ఇటుగా 1,700 అయింది. మీ పనిమనిషికి దసరాకు ఎంతిచ్చారో రాయలేదు. ఇంతైతే ఇచ్చి ఉండరు. అందరికంటే పెద్ద మామూలు బ్యాంకుకే ముట్టింది! పైగా బాకీ ఉన్నన్నాళ్లూ ఆ కార్డుతో కిరాణా కొన్నా దానికీ వడ్డీ పడుతుంది.

ఇక యాప్ సంగతి. వద్దు. పాతిక వేలు అడిగితే ఛార్జీలు ముందే కోసుకుని ఇస్తారు, వడ్డీ మాత్రం మొత్తానికీ వేస్తారు. అప్పిచ్చే యాప్‌లు ఫోన్లోని నంబర్ల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పింది. అయినా వసూళ్ల పేరుతో బంధువులకు ఫోన్లు వెళ్లిన కుటుంబాలను చూస్తూనే ఉన్నాం. కనుమ నాడు మీ బావమరిదికి అలాంటి ఫోన్ రావడం మీకిష్టమా? బంగారం మీద బ్యాంకు రుణం దీనికంటే నయమే, కానీ మామూళ్ల కోసం అదీ అక్కర్లేదు.

ఈ నెల టిప్పులు ఆపి, మిగిలే 7,000కు బ్యాంకులోంచి 3,000 కలిపి కార్డు బాకీ మూసేయండి. ఆ కార్డుతో నగదు తీసే వీలును బ్యాంకు యాప్‌లోనే ఆపేయండి. వచ్చే నెల జీతం పడిన రోజే 5,800 వేరే ఖాతాలోకి వెళ్లిపోవాలి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్‌పేకి కలపొద్దు. ఏడాదిన్నర లోపు మూడు నెలల ఖర్చు, అంటే 90,000 చేరుతుంది. అసలు కావలసింది ఆరు నెలలది, 1,80,000. అది నిండేదాకా మ్యూచువల్ ఫండ్లు, బంగారం స్కీములు గురించి నన్ను అడగొద్దు. టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా, లేకపోతే మాత్రం ఆగకుండా తీసుకోండి.

5,800 ఎక్కడినుంచి అంటారా? నెలకు మిగిలే 7,000లో టిప్పులు 1,200కు తగ్గించడం వల్ల. అందులో 500 పండగల డబ్బా. నెలనెలా వేస్తే ఏడాదికి 6,000. దసరాకూ సంక్రాంతికీ మామూళ్లు అందులోంచే. డబ్బా ఖాళీ అయితే మామూళ్లూ అయిపోయినట్టే. ఈ సంక్రాంతికి డబ్బా లేదు కాబట్టి పనిమనిషికి తప్ప ఇంకెవరికీ ఇవ్వొద్దు. చెత్త బండి వాళ్లకు పిండివంటలు పెట్టండి, దసరాకి చూస్తానని చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు.

మిగతా 700 ఎవరికంటే, బిల్లును బట్టి కాకుండా పడిన కష్టాన్ని బట్టి ఇవ్వండి. పదిహేను శాతం, ఇరవై శాతం లెక్కలు అమెరికావి. అక్కడ హోటల్ సర్వర్‌కు యజమాని గంటకు 2.13 డాలర్లిచ్చి మిగతాది టిప్పుల్లో రాబట్టుకోమనే వీలు కేంద్ర చట్టంలోనే ఉంది. గంటస్తంభం దగ్గర టిఫిను తిని శాతాలు కట్టక్కర్లేదు. ఇరవై రూపాయలు పెడితే మర్యాదే. విశాఖ వెళ్లి పెద్ద రెస్టారెంట్లో తింటే బిల్లు చదవండి. సర్వీస్ ఛార్జి తమంతట తాము వేయకూడదని 2022 జులైలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. తీసేయమనండి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. ఆ డబ్బులో కొంత వడ్డించిన మనిషి చేతిలో పెట్టండి.

వానలో, అర్ధరాత్రి పార్సిల్ తెచ్చిన కుర్రాడికి తప్పకుండా ఇవ్వండి. గ్యాస్ సిలిండరు ధరలో ఇంటికి తెచ్చే ఖర్చు కలిసే ఉంటుంది. రెండో అంతస్తుకు మోసుకొస్తే ఇష్టపడి ఇవ్వొచ్చు, ఇంత ఇవ్వాల్సిందేనంటే రసీదు చూపించండి. సర్కారు ఆసుపత్రిలో పురుడు పోసుకుంటే బిడ్డను చూపించడానికి అడిగేది, కరెంటు స్తంభం ఎక్కడానికి అడిగేది టిప్పు కాదు, లంచం. దానికి బడ్జెట్ వేయను.

మీ జాబితాలో టిప్పుకు మించి అందాల్సినది పనిమనిషికే. రెండు, మూడేళ్లుగా జీతం పెంచకుండా పండక్కి చీర పెట్టడం మన ఊళ్లో మామూలైపోయింది. ముందు జీతం పెంచండి. ఆమెకు బ్యాంకు ఖాతా ఉండి, వయసు 70 దాటకపోతే ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేర్పించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు. ఏటా జూన్ 1 నుంచి కొత్త ఏడాది మొదలవుతుంది, కాబట్టి మే నెలాఖరుకు ఆమె ఖాతాలో డబ్బుందో లేదో అడగండి. మీరు హోటల్లో వదిలే ఒక్క టిప్పు అది.

చిట్టీ మాత్రం పాడొద్దు. పది వేల బాకీకి అంత డబ్బు వదులుకుని పాడుకోవడం దండగ. చివరిదాకా ఉంచండి, వచ్చిన మొత్తం ఆ రెండో ఖాతాలో వేయండి.