పెద్ద షిప్పు బలం తగ్గించకండి, దాని గన్ తిరిగే వేగం తగ్గించండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒంగోలులో ముగ్గురు ఇంజినీరింగ్ విద్యార్థులు ఫోన్లో ఆడే అంతరిక్ష యుద్ధం గేమ్ తయారు చేస్తున్నారు. ఆటగాడి చేతికి క్రూజర్ అనే పెద్ద షిప్పు రాగానే చిన్న షిప్పుల వంక చూడటం లేదు. సరే అని క్రూజర్ హెచ్‌పీ (ఎంత దెబ్బ తట్టుకోగలదో ఆ అంకె) తగ్గిస్తే అందరూ చిన్నవే గుంపుగా కొని తోలుతున్నారు, క్రూజర్ ఎవరికీ అక్కర్లేదు. మధ్యలో ఎక్కడ ఆపాలి అని అడిగారు.

హెచ్‌పీ, డ్యామేజ్ మాత్రమే అటూ ఇటూ జరుపుతుంటే ఆ మధ్య దొరకదు. పెట్టిన డబ్బుకి ఏది ఎక్కువ దెబ్బ కొడితే అదే కొంటారు, రెండోది మూలన పడుతుంది. ధర, బలం రెండూ ఒకే నిష్పత్తిలో పెంచినా ఇదే జరుగుతుంది. లెక్క చూడండి.

చిన్నదానికి 100 హెచ్‌పీ, సెకనుకి 10 డ్యామేజ్, ధర 1. పెద్దదానికి అన్నీ పది రెట్లు: 1000 హెచ్‌పీ, సెకనుకి 100 డ్యామేజ్, ధర 10. పది చిన్నవాటిని ఒక పెద్దదాని మీదికి వదలండి. పెద్దది సెకనుకి ఒకదాన్ని కూలుస్తుంది. చిన్నవాటి దెబ్బ మొదటి సెకనులో 100, తర్వాత 90, 80, అలా దిగుతూ చివరికి 10. మొత్తం 550. పదీ పోయేసరికి పెద్దదాని దగ్గర ఇంకా 450 హెచ్‌పీ ఉంటుంది. రెండు పక్షాలూ పెట్టిన డబ్బు ఒకటే, అయినా పోరు ఏకపక్షం. గుంపులో ఒక్కోటి పోయేకొద్దీ కాల్పుల శక్తి పడిపోతుంది, పెద్దది మాత్రం చివరి హెచ్‌పీ దాకా పూర్తి శక్తితో కాలుస్తూనే ఉంటుంది. ఇలాంటి అరుగుదల లెక్కలకి ఫ్రెడరిక్ లాంచెస్టర్ పేరు స్థిరపడింది, విమాన యుద్ధం మీద ఆయన పుస్తకం 1916లో వచ్చింది.

రెండు పక్షాలూ ఒకేసారి అయిపోవాలంటే పెద్దదానికి పది రెట్లు అక్కర్లేదు, 7.4 రెట్లు చాలు: 740 హెచ్‌పీ, సెకనుకి 74. ఆ 7.4 ఎక్కడిదంటే, 1 నుంచి 10 దాకా కూడితే 55, దాని వర్గమూలం. నాలుగు చిన్నవాటి ధర ఉన్న షిప్పుకైతే 1 నుంచి 4 దాకా కూడిన 10కి వర్గమూలం, అంటే 3.2 రెట్లు. మీ షీట్‌లో ప్రతి సైజుకీ ముందు ఈ సంఖ్య పెట్టండి. బ్యాలెన్స్, అంటే ఏ రకమూ మూలన పడకుండా సరిచూడటం, ఇంకా కాలేదు, ఇది పునాది మాత్రమే.

అసలు పని గన్‌లో ఉంది. మొదటి 1000 హెచ్‌పీ షిప్పునే తీసుకుని, సెకనుకి 100 అన్నది అలాగే ఉంచి, నాలుగు సెకన్లకోసారి 400 కొట్టేలా మార్చండి. కాగితం మీద డీపీఎస్ (సెకనుకి డ్యామేజ్) మారలేదు. కానీ 100 హెచ్‌పీ ఉన్న చిన్నదాని మీద పడిన 400లో 300 వృథా. ప్రతి గుండూ గురి తప్పకుండా తగిలినా నాలుగు సెకన్లకి ఒక్కటే కూలుతుంది. ఇప్పుడు 11వ సెకనుకి పెద్దదే పేలిపోతుంది, చిన్నవి పోయేది రెండే. అదే గన్‌తో ఇంకో పెద్దదాన్ని కొడితే మూడు దెబ్బల 1200లో 200 మాత్రమే వృథా. కాల్పుల మధ్య విరామం ఒక్కటి మార్చేసరికి ఫలితం తలకిందులైంది. షిప్పు మీద ఎనిమిది గన్‌లుంటే ఎనిమిదీ ఒకే చిన్నదాని మీద పడుతున్నాయా, వేర్వేరు వాటికి పంచుకుంటున్నాయా అన్నది కూడా ఇంతే ముఖ్యం. టార్గెట్ ఎంచుకునే కోడ్ మార్చిన రోజు బ్యాలెన్స్ కూడా మారిందనే లెక్క.

తర్వాతది గురి. మీది పాచిక వేసి తగిలిందో లేదో తేల్చే పద్ధతైతే, 2003లో వచ్చిన ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష గేమ్‌లోని టరెట్ (తిరిగే గన్) సూత్రం కంటే మంచి ఆధారం నాకు కనబడలేదు. దూరానికి అందులో ఇంకో లెక్క కలుస్తుంది, అది పక్కన పెట్టి సులువు చేసి చెబుతాను. టార్గెట్ కోణీయ వేగాన్ని గన్ తిరిగే వేగంతో భాగించండి. గన్ ఎంత సైజు టార్గెట్ కోసం చేసిందో ఆ మీటర్లని ఎదుటి షిప్పు సిగ్నేచర్ (గురికి అది ఎంత పెద్దగా కనబడుతుందో ఆ కొలత) మీటర్లతో భాగించండి. రెండూ గుణించి, వర్గం చేసి, 0.5కి ఘాతంగా వేయండి. వచ్చేదే తగిలే అవకాశం.

గన్ సెకనుకి 0.02 రేడియన్లు తిరుగుతుంది, 400 మీటర్ల టార్గెట్ కోసం చేసింది అనుకోండి. 400 మీటర్ల పెద్ద షిప్పు 10 కిలోమీటర్ల దూరంలో సెకనుకి 100 మీటర్లు అడ్డంగా పోతుంటే సంఖ్య 0.5, వర్గం 0.25, తగిలే అవకాశం 84 శాతం. 40 మీటర్ల చిన్నది 5 కిలోమీటర్ల దూరంలో సెకనుకి 500 మీటర్లు అడ్డంగా పోతుంటే సంఖ్య 50, వర్గం 2500, అవకాశం సున్నా. అదే చిన్నది 40 కిలోమీటర్ల నుంచి ముక్కుసూటిగా దూసుకొస్తూ, అడ్డవేగం 20 మాత్రమే ఉంటే సంఖ్య 0.25కి పడిపోతుంది, అవకాశం 96 శాతం. తిన్నగా వచ్చినవాడు దారిలోనే పోతాడు, వాలుగా చుట్టి వచ్చినవాడు గన్ కిందికి చేరతాడు. చిన్న షిప్పు నడపడంలో నేర్పు అనేది ఇక్కడే పుడుతుంది, నాకు ఈ సూత్రం నచ్చేది అందుకే. మీ ఏఐ చిన్నవాటిని తిన్నగా తోలుతుంటే అంకెల జోలికి పోకండి, ముందు ఏఐ దారిని 30 నుంచి 40 డిగ్రీలు పక్కకి వంచి చూడండి.

ఆ సున్నాని చూసి భయపడి కనీసం 5 శాతం అని పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఒక్క గుండుకే చచ్చే షిప్పుకి 5 శాతం అంటే, బాగా నడిపినవాడు కూడా అదృష్టం లేక చచ్చిపోవడం. పెద్దదానికి రక్షణ కావాలంటే పక్కన చిన్నవాటిని వేటాడే డిస్ట్రాయర్ ఉండాలి, లేదా చిన్నదాని వేగం తగ్గించే పరికరం దాని చేతిలో ఉండాలి. వేగానికి వెల కట్టడం ఇంకా మంచిది. ఈవ్‌లో సాధారణ మైక్రోవార్ప్‌డ్రైవ్ అనే వేగం పెంచే పరికరం వేస్తే వేగం బాగా పెరుగుతుంది, దాంతోపాటు సిగ్నేచర్ ఆరు రెట్లవుతుంది. ఎప్పుడు ఆపాలో తెలిసినవాడే బతుకుతాడు.

మీది గుండు నిజంగా ఎగిరే గేమ్ అయితే పాచికే అక్కర్లేదు. గుండు వచ్చేలోపు షిప్పు తన వ్యాసార్ధమంత దూరం పక్కకి జరగగలిగితే తప్పించుకున్నట్టే. దానికి పట్టే సమయం: రెండింతల వ్యాసార్ధాన్ని త్వరణంతో భాగించి వర్గమూలం తీయండి. 10 మీటర్ల వ్యాసార్ధం, 20 త్వరణం ఉన్న చిన్నదానికి 1 సెకను. 200 మీటర్లు, 2 త్వరణం ఉన్న పెద్దదానికి 14 సెకన్లు. గుండు వేగం సెకనుకి 1000 మీటర్లయితే చిన్నది 1 కిలోమీటరు దాటాక తప్పించుకోగలదు, పెద్దది 14 కిలోమీటర్ల దాకా తప్పించుకోలేదు. ఈ రెండు దూరాల మధ్యలోనే మీ యుద్ధాలు జరగాలి. గుండు వేగం 10,000కి పెంచితే చిన్నదానికి కూడా ఆ హద్దు 10 కిలోమీటర్లకి పోతుంది. లేజర్‌ని తక్షణం తగిలేలా పెట్టిన గేముల్లో చిన్న షిప్పు ఎందుకు నిలవదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

త్వరణం అంకెలు ఎక్కడి నుంచి తేవాలంటే, పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు, ఇంజిన్ పట్టే వెనక భాగం నాలుగు రెట్లు. అంటే త్వరణం సగం, మళ్లే త్వరణం నాలుగో వంతు. ఇలా పెట్టిన షిప్పులు చేతికి సహజంగా తగులుతాయి.

ఇంతవరకు చిన్నది బతకడం గురించి. బతికి ఏం చేయాలి? చాలా గేములు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాయి. చిన్నదానికి డ్యామేజ్ పెంచడం జవాబు కాదు. సైజుతో పెరగని పని ఇవ్వాలి. ఈవ్‌లో వార్ప్ స్క్రాంబ్లర్ అనే పరికరం చిన్న ఫ్రిగేట్ మీదున్నా పెద్ద బ్యాటిల్‌షిప్ మీదున్నా చేసే పని ఒకటే, ఎదుటివాణ్ణి పారిపోకుండా పట్టేయడం. అందుకే నిన్న చేరిన ఆటగాడు కూడా చవకైన ఫ్రిగేట్‌తో వెళ్లి బ్యాటిల్‌షిప్‌ని పట్టి ఉంచగలడు. దానికి తోడు లాక్ సమయం, అంటే టార్గెట్ మీద గురి కుదుర్చుకోవడానికి పట్టేది: ఆ గేమ్ సూత్రం ప్రకారం స్కాన్ రిజల్యూషన్ (ఎక్కువైతే లాక్ త్వరగా అవుతుంది) 100 ఉన్న పెద్ద షిప్పు 40 మీటర్ల సిగ్నేచర్‌ని లాక్ చేయడానికి దాదాపు 21 సెకన్లు పడుతుంది. 600 ఉన్న చిన్నది 400 మీటర్లదాన్ని ఒకటిన్నర సెకనులో పట్టేస్తుంది. మీరు వేరే ఏమీ చేయకపోయినా ఈ తేడా ఒక్కటి పెట్టండి, చిన్నదానికి సగం ఉద్యోగం దొరికినట్టే.

ఇంకో పని చేరుకోవడం. కృష్ణపట్నం పోర్టుకొచ్చే బొగ్గు ఓడకి టగ్గులు కావాలి, లోతైన కాలువ కావాలి. కొత్తపట్నం ఇసుక ఒడ్డుకి వచ్చేది ఫైబర్ పడవే. మీ మ్యాప్‌లో ఈ రెండు రకాల రేవులూ ఉండాలి. ఎలైట్ డేంజరస్ అనే గేమ్‌లో అవుట్‌పోస్టులనే చిన్న స్టేషన్లకి పెద్ద ప్యాడ్ ఉండదు, అనకొండా లాంటి పెద్ద షిప్పులు అక్కడ దిగలేవు. ఈవ్‌లో దూర ప్రాంతాల్ని కలిపే వార్మ్‌హోల్ అనే దారికి బరువు పరిమితి ఉంటుంది, పెద్దవి కొన్ని దాటేసరికే అది మూసుకుపోతుంది.

మరి పెద్దదాని పని? చిన్నదానికి ఇంధనం, మందుగుండు, దూరం ఇవ్వడం. 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద దాడి చేసిన మన క్షిపణి పడవలు నిపాత్, నిర్ఘాత్, వీర్ చిన్నవే, ఒక్కోదానికి నాలుగు క్షిపణులే. పాకిస్తాన్ డిస్ట్రాయర్ ఖైబర్‌ని ముంచాయి. కానీ వాటివి తీరం దగ్గర వాడకానికి చేసిన ఒళ్లు, అంత దూరం సొంతంగా పోయి రాలేవు. వెంట కిల్టన్, కచ్చల్ కాపుగా వెళ్లాయి, పోషక్ అనే ట్యాంకర్ ఇంధనం కోసం ఉంది. మీ గేమ్‌లో చిన్నవాటికి రెండు దూకుళ్లకి సరిపడా ఇంధనమే ఇచ్చి, నింపడం పెద్దదాని దగ్గర మాత్రమే పెడితే రెండూ ఒకదాన్నొకటి వదిలి ఉండలేవు.

ఇప్పుడు ఎక్కడ చెడుతుందో. ఒకే దెబ్బకి అందర్నీ తుడిచేసే ఆయుధం పెద్దదానికి ఇవ్వకండి. ఈవ్‌లో అతిపెద్ద షిప్పులైన టైటాన్‌ల డూమ్స్‌డే ఆయుధం మొదట్లో చుట్టూ ఉన్న మొత్తం ఫ్లీట్ మీద పడేది. 2009 డిసెంబర్ డొమినియన్ విస్తరణలో దాన్ని ఒక్క టార్గెట్‌కి మార్చారు. ఎదురు వైపు ఉదాహరణ 2016లో వచ్చిన స్టెల్లారిస్ గేమ్. అందులో అతిచిన్న షిప్పైన కార్వెట్‌కి మూల తప్పించుకునే శాతం 60, బ్యాటిల్‌షిప్‌కి 5. తొలి రోజుల్లో కార్వెట్ల గుంపే రాజ్యమేలింది, ఆ తర్వాత వెర్షన్లలో బ్యాటిల్‌షిప్పులు పైకొచ్చాయి. 2022 నవంబర్‌లో టార్గెట్ సైజుని బట్టి దెబ్బ పెరిగే టార్పెడోలతో ఫ్రిగేట్ తెచ్చారు. చూడండి, ముందుకు కదిలింది ఆయుధానికీ టార్గెట్‌కీ సంబంధం మార్చినప్పుడే.

మీది ఫోన్ గేమ్ కాబట్టి ఇంకో గుంత ఉంది. పది, పన్నెండు వేల ఫోన్లో 200 చిన్న షిప్పులకి విడివిడి ఏఐ నడవదు, అందుకని ఐదింటిని ఒక స్క్వాడ్రన్‌గా కట్టి ఒకే హెచ్‌పీ పెడతారు. అప్పుడు స్క్వాడ్రన్ మొత్తం చచ్చేదాకా ఐదింటి డ్యామేజ్ పూర్తిగా వస్తూనే ఉంటుంది. పైన మొదటి లెక్కలో 550 అన్నది 750 అవుతుంది. మీరు ఏ అంకే ముట్టుకోకుండానే చిన్నవాటి బలం 36 శాతం పెరిగిపోతుంది. మిగిలిన హెచ్‌పీని ఒక్క షిప్పు హెచ్‌పీతో భాగించి, పైకి సవరించి, అన్ని గన్‌లే కాలుస్తున్నట్టు లెక్క కట్టండి.

పరీక్ష ఈ వరసలో చేయండి. ముందు బొమ్మలు లేకుండా, సమాన ధరకి ప్రతి జతనీ వంద సార్లు ఏఐతో పోరాడించండి. ఏ జతలోనైనా ఒకటి 70 శాతం దాటి గెలవడం తప్పు కాదు, అది వేట సంబంధం. అన్ని జతల్లోనూ గెలిచేది ఒకటి ఉంటేనే తప్పు. తర్వాత అదే డబ్బుకి కలగలిపిన ఫ్లీట్‌ని ఒకే రకం ఫ్లీట్ మీదికి వదలండి. కలగలిపినది మూడింట రెండు సార్లైనా గెలవకపోతే చిన్నదానికి మీరిచ్చిన పని చాల్లేదన్నమాట. అప్పుడు ఒకసారికి ఒక్క అంకే మార్చండి, ఈ క్రమంలో: కాల్పుల విరామం, గన్ తిరిగే వేగం, లాక్ సమయం, ధర. హెచ్‌పీ అన్నిటికంటే చివర. చివరగా మనుషులతో ఆడించేటప్పుడు మీ గేమ్ ముందెన్నడూ చూడనివాళ్లకి మొదటి పది నిమిషాలు చిన్న షిప్పే ఇచ్చి, క్రూజర్ కొనగలిగే డబ్బు చేతికొచ్చాక కూడా ఎంతమంది చిన్నదాన్ని ఇంకొకటి కొన్నారో రాసుకోండి.