అమ్మానాన్నల బీపీ మనకూ వస్తుందా? మెదడుకీ దానికీ సంబంధం ఏమిటి?

మీరు అడిగినవి రెండు. నాన్నగారికీ తాతగారికీ బీపీ ఉంది కదా, అది మెదడులోని రసాయనాల వల్ల వంశంలో దిగుతుందన్నది నిజమేనా? నిజమైతే ధ్యానం చేసి టెన్షన్ తగ్గించుకుంటే మాత్రల అవసరం తప్పుతుందా? నేను డాక్టర్ని కాను. మా అమ్మ వైపు దాదాపు అందరూ బీపీవాళ్ళే, నాకూ ముప్పై ఆరో ఏట మొదలైంది. అప్పట్నుంచీ దీని గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

మా అమ్మంత నిదానస్తురాలిని నేను చూడలేదు. పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా "పోన్లే" అనే రకం. మందు లేకపోతే ఆవిడకి పై అంకె 170. నాన్న పొద్దున్నే పేపరు చదువుతూ కూడా ఎవరో ఒకరి మీద కేకలేస్తారు. డెబ్బై దాటినా ఆయనది 120/80. కాబట్టి మెదడు పాత్ర అంటే మన కోపతాపాలు అనుకోకండి.

మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యేచోట మెడుల్లా అనే భాగం ఉంటుంది. మెడలోని ధమనుల్లో, గుండె పైనుండే మహాధమనిలో ఒత్తిడిని కనిపెట్టే నరాలుంటాయి. అవి పంపే కబురును బట్టి మెడుల్లా గుండెకీ, రక్తనాళాలకీ, కిడ్నీలకీ సింపథెటిక్ నరాల (మన ప్రమేయం లేకుండా వాటంతటవే పనిచేసే నరాల) ద్వారా ఆజ్ఞలు పంపుతుంది. ఆ నరాల చివర విడుదలయ్యేది గుండె వేగం పెంచి, రక్తనాళాల్ని బిగించే రసాయనం, నార్‌అడ్రినలిన్. ఇదంతా ట్యాంకులోని ఫ్లోట్ లాంటిది. కొందరికి ఆ ఫ్లోటే కాస్త ఎత్తున బిగించి ఉంటుంది, మనకి తెలియను కూడా తెలియదు.

ఇది వారసత్వంగా వస్తుందని బాగా చూపించినవి ఎలుకలు. జపాన్‌లోని క్యోటోలో ఒకామోతో, అయోకి అనే శాస్త్రవేత్తలు బీపీ ఎక్కువున్న ఎలుకలనే తరతరాలుగా జతకట్టించి, 1963లో ఒక జాతిని లోకానికి చూపించారు. ఉప్పు పెట్టకపోయినా, ఏమీ చేయకపోయినా వాటి పిల్లలకి ఎదిగేకొద్దీ బీపీ పెరుగుతుంది. వాటి సింపథెటిక్ నరాలు చిన్నప్పట్నుంచే ఉరకలేస్తుంటాయి. రక్తనాళాల్ని బిగించి బీపీ పెంచే మరో రసాయనం యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే మందుని నేరుగా మెదడులోకి ఎక్కించినా వాటి బీపీ దిగుతుంది.

మెదడు రసాయనాలకీ బీపీకీ ముడి ఉందని మన దేశం ముందే చూసింది. సర్పగంధ వేరు పిచ్చికీ, బీపీకీ రెండింటికీ పనిచేస్తోందని 1931లోనే కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ తన రోగుల ఫలితాలు బ్రిటన్ పత్రికలో ప్రచురించాక ప్రపంచం దాని వెంట పడింది. 1952లో దాన్నుంచి రిసర్పిన్ తీశారు. అది నరాల చివర్లలో నార్‌అడ్రినలిన్ నిల్వల్ని ఖాళీ చేసేస్తుంది. బీపీ దిగేది, కొందరికి మనసూ దిగాలుపడేది.

మా చెల్లికి కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగితే మిథైల్‌డోపా రాశారు. మొదట్లో మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని కునికేది. ఎందుకమ్మా అని అడిగితే డాక్టరమ్మ నవ్వి, "ఆ మాత్ర పనిచేసేది తలలోనే మరి" అన్నారు.

అలాగని అంతా మెదడే అనకండి. ఆ ఎలుకల కిడ్నీని మామూలు ఎలుకకి అమర్చితే దాని బీపీ కూడా పెరిగింది! జన్యువులైతే వందల్లో ఉన్నాయి, ఒక్కోదాని వాటా చాలా చిన్నది. మీ నాన్నగారిది మీకు అచ్చంగా దిగుతుందనేం లేదు, అవకాశం మాత్రం ఎక్కువ.

ఇక ధ్యానం. మంచిదే, నడకా మంచిదే, కొన్ని పాయింట్లు తగ్గుతాయి. కానీ ఫ్లోట్ ఎత్తున ఉన్నవాళ్ళకి అవొక్కటే సరిపోతాయని నేను నమ్మను. మా అమ్మకి ధ్యానం నేర్పేవాళ్ళు ఇంకా పుట్టలేదు. అంతకంటే ఆవకాయ, అప్పడం దగ్గర చెయ్యి బిగపట్టడం మాకు బాగా పనిచేసింది.

మీరు ఇప్పుడే ఇంట్లో ఒక మిషన్ కొనుక్కోండి. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, మాట్లాడకుండా చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా ముప్పైలోపే బీపీ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకి ప్రత్యేకంగా చెప్పండి. అలాంటప్పుడు పొటాషియం, ఆల్డోస్టిరాన్ (ఒంట్లో ఉప్పుని నిలిపే అడ్రినల్ హార్మోన్) పరీక్షలు రాస్తారు. కిడ్నీల పైనుండే ఆ అడ్రినల్ గ్రంథి వల్ల వచ్చే బీపీకి చికిత్స వేరు.