ఒంట్లో బాగున్న వారమే జాగ్రత్త

అమ్మాయీ,

మొదటి కీమోకి తేదీ ఇచ్చారని తెలిసింది. నీ భయమంతా మందు ఎక్కించే రోజు మీదే ఉన్నట్టుంది. ఆ రోజు చాలామందికి కుర్చీలో కూర్చునే గడిచిపోతుంది. కనిపెట్టుకుని ఉండాల్సింది ఆ తర్వాతి రోజుల్ని. అందుకని ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకో. మందు ఎక్కిన రోజుని ఒకటో రోజు అనుకుని, అక్కణ్ణించి వరసగా అంకెలు వేసుకుంటూ పో. ఒకసారి మందు ఎక్కినప్పటి నుంచి మళ్లీ ఎక్కేదాకా ఒక సైకిల్. మూడు వారాల సైకిల్ అయితే 21 దాకా, రెండు వారాలదైతే 14 దాకా. కీమో ఇబ్బందులు చాలావరకు వాటి వాటి రోజులకే వస్తాయి. మొదటి సైకిల్లో ఏ రోజు ఏమైందో రాసి ఉంచితే, రెండోదాంట్లో ఇంచుమించు అవే రోజులకి ముందే సిద్ధంగా ఉండొచ్చు.

మొదటి పేజీలో నీ మందుల పేర్లు రాసుకో. "కీమో నడుస్తోంది" అంటే సరిపోదు. ఒక మందుకి పనికొచ్చే జాగ్రత్త ఇంకోదానికి చెరుపు చేస్తుంది. 5-ఎఫ్‌యూ అనే కీమో మందు ఒక్కసారిగా ఇంజెక్షన్‌లా ఇచ్చేటప్పుడు అరగంటసేపు ఐసు ముక్కలు చప్పరిస్తే నోటిపూత తగ్గుతుంది. అదే ఆక్సాలిప్లాటిన్ అయితే చల్లటి గ్లాసు పట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి, చల్లటి గుక్క మింగితే గొంతు బిగుసుకుపోయినట్టవుతుంది. ఐసు జోలికే పోకూడదు. డాక్సోరుబిసిన్ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది మందు రంగు. దాంతోపాటు సైక్లోఫాస్ఫమైడ్ కూడా ఇచ్చి ఉంటే, రెండు రోజులు దాటాక కూడా ఎరుపు కనిపించినా, మూత్రం పోసేటప్పుడు మంట ఉన్నా అది రక్తం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి.

మందు ఎక్కుతున్నప్పుడు సూది ఉన్నచోట మంట, నొప్పి, వాపు అనిపిస్తే ఆ క్షణమే నర్సుని పిలువు. కొన్ని మందులు నరం బయటికి కారితే కండని పుండు చేస్తాయి. ఆయాసం, దురద, ఛాతీ పట్టేసినట్టుండటం కూడా అంతే. మొహమాటపడే చోటు కాదది.

వికారం సంగతి. మొదటి 24 గంటల్లో వచ్చేది ఒకటి, రెండో రోజు నుంచి ఐదో రోజు దాకా వచ్చేది ఇంకొకటి. మొదటి రోజు బాగానే ఉందని మిగతా మాత్రలు పక్కన పడేసేవాళ్లు మూడో రోజు మంచం పడతారు. వాంతి మాత్ర వాంతి రాకముందు వేసుకోవాల్సింది. వాంతులు మొదలయ్యాక మాత్ర లోపల నిలవదు. ఆన్‌డాన్‌సెట్రాన్ అనే వాంతి మాత్ర మలబద్ధకం చేస్తుంది, అందుకే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా అప్పుడే అడిగి తీసుకో. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర పొద్దున ఏదైనా తిన్నాకే వేసుకోవాలి, సాయంత్రం వేసుకుంటే రాత్రంతా జాగారమే. షుగర్ ఉంటే అది పెరుగుతుంది, ముందే చెప్పు. ఈ మాత్ర ఆపిన ఒకటి రెండు రోజులకి ఒళ్లంతా ఒక్కసారి కూలబడిపోయినట్టు, మనసు కూడా దిగులుగా ఉంటుంది. జబ్బు ముదిరిందని హడలిపోకు, అది స్టెరాయిడ్ దిగిపోవడం.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది. ఐదారు రోజులయ్యేసరికి వికారం తగ్గి, కాస్త తినగలిగి, "పర్వాలేదు" అనిపిస్తుంది. సరిగ్గా అక్కడే మోసపోతారు. మామూలుగా ఏడో రోజుకీ పద్నాలుగో రోజుకీ మధ్యే తెల్లకణాలు అట్టడుగుకి పడతాయి. వేగంగా విభజన చెందే కణాలని కొట్టడం కీమో పని. ఎముక మజ్జలో రక్తకణాలు తయారయ్యేది కూడా అంత వేగంగానే. అప్పటికే రక్తంలో ఉన్నవి కొద్ది రోజుల్లో అయిపోతాయి, వాటి చోట కొత్తవి రావు. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరు రక్తంలో 500 కన్నా తగ్గితే ప్రమాదమే. చీము పట్టాలన్నా, ఎర్రగా వాచాలన్నా ఆ కణాలే ఉండాలి. అవి లేనప్పుడు ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం తప్ప పైకి ఏమీ కనిపించకపోవచ్చు.

అందుకే ఇంట్లో థర్మామీటర్ ఉండి తీరాలి. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం లెక్కలోకి రాదు. ఒళ్లు వెచ్చగా అనిపించినా, చలి పుట్టినా చూసుకో. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ వచ్చిందా, అర్ధరాత్రయినా సరే బయల్దేరాలి. పొద్దున చూద్దాంలే అనొద్దు. డాక్టర్‌తో మాట్లాడకుండా పారాసెటమాల్ వేసుకోవద్దు, జ్వరం దిగిపోయి అసలు సంగతి కప్పబడిపోతుంది. ఎమర్జెన్సీలోకి వెళ్లగానే మొదటి మాట ఇదే: "నేను కీమోలో ఉన్నాను, ఇది పదో రోజు, జ్వరం ఉంది." వరసలో కూర్చోబెడితే మళ్లీ చెప్పు. గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలి. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు జ్వరం పైకి తెలియకపోవచ్చు కూడా. వణుకు, తల తిరగడం, అయోమయం ఉంటే అంకె కోసం చూడొద్దు.

ఆ వారం ఎవరు జలుబుతో వచ్చినా గుమ్మం దగ్గరే మాట్లాడి పంపించు. ఎనీమా, మలద్వారంలో పెట్టే మందులు వద్దు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు కూడా ఆ రోజుల్లోనే పడతాయి కాబట్టి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోకు. తెల్లకణాల కౌంట్ పెంచే ఇంజెక్షన్ ఇస్తే అది కీమో అయిన 24 గంటల తర్వాతే. దానికి నడుము, తుంటి ఎముకలు లాగేస్తాయి, మజ్జ పనిలో పడిందన్నమాట. నొప్పికి ఏం వేసుకోవాలో ముందే అడిగి ఉంచుకో.

నోటిపూతా ఆ రోజుల్లోదే. లీటరు నీళ్లలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను తినే సోడా కలిపి, రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మెయ్యి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంటకి మంట కలుపుతుంది. బ్రష్ మెత్తటిది వాడు. నీళ్లు కూడా మింగలేకపోతే అది ఇంట్లో ఓర్చుకోవాల్సిన దశ కాదు. విరేచనాలు మామూలు కన్నా నాలుగుసార్లు ఎక్కువైనా, మూడు రోజులు అసలు కాకపోయినా ఫోన్ చెయ్యి. నోరు ఇనుములా అనిపిస్తే స్టీలు చెంచా మాని ప్లాస్టిక్‌ది వాడి చూడు.

జుట్టు రాలే మందైతే రెండు మూడు వారాలకి మొదలవుతుంది, వైద్యం అయ్యాక వస్తుంది. ముందే పొట్టిగా కత్తిరించుకుంటే దిండు మీద గుప్పెళ్లకొద్దీ చూడాల్సిన బాధ తప్పుతుంది. నీరసానికి మందు మంచం కాదు. రోజూ పదిహేను నిమిషాలైనా నడువు, నెమ్మదిగానే.

మందు ఎక్కిన 48 గంటలు టాయిలెట్ మూత వేసి రెండుసార్లు ఫ్లష్ చెయ్యి. వాంతి, మూత్రం అయిన బట్టలు తీసేవాళ్లు గ్లవ్స్ వేసుకుని, ఆ బట్టలు విడిగా ఉతకాలి. ఎవరో చెప్పారని ఆకుపసర్లు, పొడులు మొదలుపెట్టకు. "సహజమైనవే కదా" అనేవాళ్లకి కాలేయం దగ్గర మందులు ఢీకొనే సంగతి తెలియదు. పిల్లల్ని కనే ఆలోచన ఉంటే ఆ మాట మొదటి డోసు ముందే డాక్టర్ దగ్గర ఎత్తాలి, తర్వాత కాదు.

తర్వాతి సైకిల్‌కి ఒకటి రెండు రోజుల ముందు బ్లడ్ టెస్ట్ ఉంటుంది. న్యూట్రోఫిల్స్, ప్లేట్‌లెట్లు తగినంత కోలుకోకపోతే వారం వాయిదా వేస్తారు. ఓడిపోయినట్టు బాధపడకు, అలా జరుగుతూనే ఉంటుంది. బరువు బాగా తగ్గినా పెరిగినా చెప్పు, చాలా మందుల డోసు లెక్క ఎత్తూ బరువు మీదే. పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్, ఆక్సాలిప్లాటిన్ లాంటి ప్లాటినం మందుల్లో ఏదైనా ఉంటే చేతులకీ కాళ్లకీ తిమ్మిరి రావచ్చు, అందుకని ఇంకో పరీక్ష ఇంట్లోనే చేసుకో. చూడకుండా చొక్కా గుండీ పెట్టగలుగుతున్నావా, కాలికి చెప్పు ఉందో జారిందో తెలుస్తోందా? తెలియకపోతే ఆ డోసు ఎక్కకముందే చెప్పాలి. చెబితే మందు తగ్గించేస్తారేమోనని చాలామంది దాస్తారు. తగ్గించాల్సిన టైములో తగ్గించకపోతే ఆ తిమ్మిరి వైద్యం అయిపోయాక కూడా ఉండిపోవచ్చు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ