తలకు దెబ్బ తగిలాక ఖరీదైన ఇంజెక్షన్లు వేయించాలా?

ప్రశ్న: మా వారికి 34 ఏళ్లు. మూడు నెలల క్రితం బైక్ మీద నుంచి పడ్డారు. ఆపరేషన్ చేసి మెదడులో గడ్డకట్టిన రక్తం తీశారు. కుడి చెయ్యి సరిగా లేవడం లేదు, మాట తడబడుతోంది. సిటికోలిన్ బిళ్లలు వాడుతున్నాం. మెదడు కణాలను కాపాడే ఇంజెక్షన్లు నెల రోజులు చేయిస్తే త్వరగా కోలుకుంటారని తెలిసినవాళ్లు అంటున్నారు. అప్పు చేసైనా వేయించమంటారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అప్పు చేయకండమ్మా. చేతిలో ఉన్న డబ్బు ఫిజియోథెరపీకి, స్పీచ్ థెరపీకి ఉంచుకోండి.

తలకు దెబ్బ తగిలితే కొన్ని కణాలు అక్కడికక్కడే పోతాయి. తర్వాత కొన్ని గంటలు, రోజుల పాటు వాపు వల్ల, ఆక్సిజన్ అందక మరికొన్ని పోతాయి. ఈ రెండో నష్టాన్ని ఆపడానికే ఇలాంటి మందులు తయారుచేశారు. జంతువుల్లో బాగా పనిచేసినవి మనుషుల దగ్గరికి వచ్చేసరికి నిలబడలేదు. సిటికోలిన్‌నే చూడండి. అమెరికాలో తలకు దెబ్బ తగిలిన 1,213 మందిని తీసుకుని సగం మందికి ఆ మందు, మిగతావారికి డమ్మీ మందు 90 రోజులు ఇచ్చారు. 2012లో ఫలితం వచ్చింది, తేడా ఏమీ కనిపించలేదు. ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ మీద 2014లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలదీ అదే ఫలితం. పైగా మీ వారికి మూడు నెలలు దాటాయి, ఆ దశ ఎప్పుడో ముగిసింది.

స్పృహ సరిగా రాని వారికి అమాంటడిన్ అనే మందు కొంత ఉపయోగపడుతుంది. మాట్లాడుతున్న మీ వారికి దాని అవసరం కనిపించడం లేదు.

పోయిన కణాలు తిరిగి రావు. కానీ మిగిలిన కణాలు వాటి పని నేర్చుకోగలవు, అదీ మళ్లీ మళ్లీ చేయిస్తేనే. అన్నం కుడి చేత్తోనే కలుపుకోమనండి, మెతుకులు కింద పడినా ఫర్వాలేదు. చొక్కా గుండీలు ఆయన్నే పెట్టుకోనివ్వండి. మాట కోసం వెతుక్కుంటుంటే చూడలేక మీరే అందించేస్తారు, నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి, ఆ వెతుకులాటే ఆయనకు వ్యాయామం. మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆ తర్వాత కూడా ఆగిపోదు.

సిటికోలిన్ ఆపేయవచ్చా అని మీ డాక్టర్‌ను అడగండి. ఫిట్స్ మాత్రలు రాసి ఉంటే మాత్రం సొంతంగా ఆపొద్దు. మద్యం తాగనివ్వకండి. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో మత్తు బిళ్లలు కొనకండి, వాటిలో కొన్ని కోలుకోవడాన్ని వెనక్కి లాగుతాయి. తలనొప్పి రోజురోజుకూ పెరిగినా, వాంతులు, మగత, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.