లైనర్ విప్పే ముందు

అమ్మాయీ,

నీ చెరెంకోవ్ మేజర్‌లో (ఎలక్ట్రాన్ల బీమ్‌తో మైక్రోవేవ్ పుట్టించే పరికరం) ఎలక్ట్రాన్ గన్ పనిచేస్తోంది, కరెంట్ వస్తోంది, మైక్రోవేవ్ మాత్రం రావట్లేదు, లైనర్ (లోహపు గొట్టం లోపలి గోడకి తొడిగే ఇన్సులేటర్ పొర) మార్చేస్తానన్నావు. ఆగు. మొదట డిటెక్టర్ ఎక్కడుందో చూడు. నీ గైడ్‌లో, అంటే ఆ గొట్టంలో, పుట్టేది టీఎం01 మోడ్ (నడిమధ్య ఖాళీగా ఉంగరంలా బయటికి వచ్చే అల రూపం) అయితే, హార్న్‌కి (మైక్రోవేవ్ బయటికి వచ్చే బాకా మూతి) సరిగ్గా ఎదురుగా, నడి గీత మీద ఏమీ దొరకదు. కాస్త పక్కకి జరిపి చూడు. సిగ్నల్ కనిపించినా వెంటనే సంబరపడకు, డిటెక్టర్ మూతికి లోహపు రేకు అడ్డం పెట్టు. అప్పటికీ అలాగే ఉంటే అది పల్సర్ (గన్‌కి వోల్టేజీ పల్సులిచ్చే పెట్టె) రొద.

తర్వాత వేగం. ఎలక్ట్రాన్లు అల ఫేజ్ వేగం (అల శిఖరాలు కదిలే వేగం) కన్నా కాస్త ఎక్కువగా పోవాలి. టెఫ్లాన్ లైనర్ పర్మిటివిటీ (అలని ఎంత నెమ్మది చేస్తుందో చెప్పే అంకె) 2.1 కాబట్టి 195 కిలోవోల్టుల లోపు అసలు ఆశ లేదు. అల్యూమినాకైతే ఆ హద్దు 28 దగ్గరే. ఇవి కనీసాలు. బీమ్ కోసం మధ్యలో ఖాళీ వదిలేసరికి అల వేగం పెరుగుతుంది, నీ వోల్టేజీ కూడా పెంచాలి. పైగా కేథోడ్ మీద ఇచ్చినదంతా బీమ్‌కి దక్కదు, స్పేస్ చార్జ్ (ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం) కొంత తినేస్తుంది. పల్స్ పైభాగం వాలుతుంటే బీమ్‌కీ అలకీ వేగం కుదిరేది కొద్ది క్షణాలే.

నా అనుమానమంతా బీమ్ ఉన్న చోటు మీదే. ఫీల్డ్ లైనర్ దగ్గరే బలంగా ఉండి, మధ్యకి వచ్చేకొద్దీ సన్నగిల్లుతుంది. 100 కిలోవోల్టులు, 10 గిగాహెర్ట్జ్ అయితే ఆ తగ్గుదలకి కొలత సుమారు 3 మిల్లీమీటర్లు. అందుకే ఇరుసు మీద సన్నటి బీమ్ కన్నా గోడకి దగ్గరగా నడిచే బోలు బీమ్ మేలు. మరీ దగ్గరైతే అంచు ఎలక్ట్రాన్లు లైనర్‌కి తగులుతాయి. లైనర్ చార్జ్ పోగేసుకుని వెనక వచ్చేవాటిని పక్కకి నెడుతుంది. మొదటి పల్సులు బాగుండి తర్వాతవి నీరసపడుతున్నాయా? అయితే ఇదే. లైనర్‌కి ముందూ వెనకా కరెంట్ కొలువు, తేడా ఎంతో తెలుస్తుంది. లైనర్ చివర ఫాస్ఫర్ తెర పెట్టి బీమ్ ఆకారం చూస్తూ అయస్కాంత క్షేత్రం సర్దు. లైనర్‌కి ముందు ఒక కొలిమేటర్ (బీమ్ అంచులు కత్తిరించే రంధ్రపు పలక) కూడా బిగించు. ఎక్స్‌రేలకి సీసం అడ్డు పెట్టకుండా ఇవేవీ చేయకు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే లైనర్ సంగతి. దానికీ లోహానికీ మధ్య వెంట్రుకంత సందు చాలు లెక్క తప్పడానికి. బీమ్ లేకుండా నెట్‌వర్క్ అనలైజర్‌తో (ఏ ఫ్రీక్వెన్సీకి గైడ్ ఎలా స్పందిస్తుందో గ్రాఫ్ గీసే పరికరం) కొలిచిన ఫ్రీక్వెన్సీ నీ లెక్క కన్నా పైకి ఉంటే సందునే అనుమానించు. ఆ గ్రాఫూ, తెర ఫొటో రెండూ పంపు.